ఏ320 టైప్ రేటింగ్: నేను తిప్పిన తప్పు నాబ్

సీపీఎల్, అంటే కమర్షియల్ పైలట్ లైసెన్స్ వచ్చాక రెండేళ్లు ఇంట్లోనే కూర్చున్నా. చివరికి నాన్న ఘట్‌కేసర్ ప్లాట్ అమ్మి ఫీజు కట్టారు, హైదరాబాద్‌లోనే ఏ320 టైప్ రేటింగ్‌లో చేరా, అంటే ఎయిర్‌బస్ ఏ320 రకం విమానం నడపడానికి కావాల్సిన శిక్షణ. క్లాసులు, రాత పరీక్ష ఎలాగోలా గట్టెక్కాయి, వాటి గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. సిమ్యులేటర్ మొదలయ్యాకే అసలు భయం పట్టుకుంది.

సిమ్ ఇరవై నాలుగ్గంటలూ నడుస్తుంది, మాలాంటి కొత్తవాళ్లకి పడేవన్నీ అర్ధరాత్రి స్లాట్లే. ఆ రోజు మాది రెండింటికి. నాలుగు గంటల సెషన్, ముందు నా పార్ట్‌నర్ నడుపుతున్నాడు, నేను పక్కన మానిటరింగ్. విజువల్ అప్రోచ్, అంటే రన్‌వేని కంటితో చూస్తూ దిగడం, ఆటోపైలట్ తీసేసి చేత్తో నడపాలి, ఇంజిన్ పవర్ మాత్రం ఆటోథ్రస్ట్ చూసుకుంటుంది. రెండు వేల అడుగుల దగ్గర ఉన్నాం, వాడు "వీ/ఎస్ మైనస్ 700" అన్నాడు, వీ/ఎస్ అంటే వర్టికల్ స్పీడ్, నిమిషానికి 700 అడుగుల చొప్పున దిగేలా నాబ్ తిప్పమని. తిప్పి బయటికి లాగేశా. చేతితో నడుపుతున్నప్పుడు ఆ పని పక్కనున్నవాళ్లదే.

అంతా బానే ఉందనుకున్నా. వాడు రన్‌వేనే చూస్తున్నాడు, నేనూ అటే చూస్తున్నా, స్పీడ్ 135 నాట్ల నుంచి మెల్లగా 120కి దిగిపోతుంటే ఇద్దరిలో ఒక్కరం కూడా గమనించలేదు. ఏ320లో ఆటోథ్రస్ట్ పవర్ పెంచినా తగ్గించినా థ్రస్ట్ లివర్లు (ఇంజిన్ పవర్ పెంచే, తగ్గించే లివర్లు) కదలవు, వాటి మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నా ఏమీ తెలీదు. "స్పీడ్, స్పీడ్, స్పీడ్" అని విమానమే హెచ్చరికగా అరిచాక గానీ వాడు లివర్లు ముందుకి తోయలేదు. దిగడం మానేసి మళ్లీ పైకి లేచి, అంటే గో అరౌండ్ అయ్యి బతికాం.

మా ఇన్‌స్ట్రక్టర్ సార్ సిమ్ ఆపేశారు. తిట్టలేదు.

"ఏ నాబ్ తిప్పినవమ్మా?"

"వీ/ఎస్ సార్."

"పక్కానా?"

"పక్కా సార్."

రీప్లే పెట్టి చూపించారు. ఎంత ఎత్తుకి దిగాలో అంకెల్లో చూపించే ఆల్టిట్యూడ్ కిటికీలో 700 అని ఉంది. పక్కపక్కనే ఉండే రెండు నాబ్‌లు, చెవిలో 700 పడింది, కంటికి 700 కనిపించేదాకా తిప్పేసి లాగేశా. అలా లాగితే విమానం ఓపెన్ డిసెంట్ మోడ్‌లోకి వెళ్తుంది, అందులో ఇంజిన్ ఐడిల్‌కి, అంటే కనిష్ఠ పవర్‌కి వచ్చేస్తుంది, ముక్కు కిందకి దించితేనే స్పీడ్ నిలబడుతుంది. మావాడేమో రన్‌వే అందాలని ముక్కు పైకి పట్టుకున్నాడు, ఇంక స్పీడ్ పడిపోక ఏం చేస్తుంది. ఎదురుగా స్క్రీన్ పై అంచున మోడ్ పేరు స్పష్టంగా రాసే ఉంది, ఒక్కరం చదవలేదు.

అప్పుడు సార్ బోర్డు మీద ఒక తేదీ రాశారు, 14 ఫిబ్రవరి 1990. బొంబాయి నుంచి బెంగళూరు వెళ్తున్న ఇండియన్ ఎయిర్‌లైన్స్ 605. కొత్త ఏ320, ముందు ఏడాదే ఆ రకం మన దగ్గరికి వచ్చింది. పట్టపగలు, మధ్యాహ్నం ఒంటిగంట. 132 ఉండాల్సిన స్పీడ్ 106కి పడిపోయింది, రన్‌వేకి ముందే గోల్ఫ్ కోర్స్‌లో నేలని తాకి గట్టుని ఢీకొట్టింది. 146 మందిలో 92 మంది పోయారు.

ఇంటికొచ్చి పడుకోకుండా దాని గురించే చదువుతూ కూర్చున్నా. విమానం అదే ఐడిల్ ఓపెన్ డిసెంట్‌లో ఉందని వాళ్లకి చివర్లో తెలిసింది. ఎటు నడపాలో స్క్రీన్ మీద గీతలతో చూపించే ఫ్లైట్ డైరెక్టర్లు ఇద్దరివీ ఆపేసుంటే ఆటోథ్రస్ట్ స్పీడ్ మోడ్‌లోకి వచ్చి పవర్ ఇచ్చేది, కానీ ఒకరిది ఆగింది, రెండోది ఆన్‌లోనే ఉండిపోయింది, ఆ సంగతి వాళ్లు మాట్లాడుకోవడం కాక్‌పిట్ వాయిస్ రికార్డర్‌లో కూడా ఉంది. చివర్లో ఫుల్ పవర్ ఇచ్చినా ఇంజిన్ పుంజుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది కదా, ఆ సెకన్లే వాళ్లకి లేవు.

విచారణ చేసింది జస్టిస్ కె. శివశంకర్ భట్. పరిస్థితి తీవ్రత గ్రహించి పైలట్లు వెంటనే థ్రాటిల్ వెయ్యకపోవడమే కారణం అయ్యుంటుందన్నారు. కానీ అసలు ఆ మోడ్ ఎందుకు వచ్చింది, ఆ కీలకమైన మొదటి 35 సెకన్లలో ఏం జరిగింది అనేది నేరుగా సాక్ష్యం లేక తేల్చలేమన్నారు. వీ/ఎస్ బదులు ఆల్టిట్యూడ్ నాబ్ తిప్పారేమో అనేది ఒక అనుమానం, అంతే, రుజువు కాలేదు. పైలట్ల తప్పా, విమానం డిజైన్‌దా అనే గొడవ మాత్రం ఇప్పటికీ నడుస్తూనే ఉంది.

రెండేళ్లకి, 1992 జనవరిలో ఫ్రాన్స్‌లో స్ట్రాస్‌బర్గ్ దగ్గర ఇంకో ఏ320 దిగుతూ కొండకి గుద్దుకుంది, 87 మంది చనిపోయారు. అక్కడ 3.3 డిగ్రీల కోణం అనుకుని నిమిషానికి 3300 అడుగులు సెట్ చేసి ఉంటారని అనుమానం. అప్పటి కిటికీలో ఒకటి 3.3 అనీ రెండోది 33 అనీ కనిపించేవి, ఆ తర్వాత ఎయిర్‌బస్ దాన్ని నాలుగు అంకెలకి మార్చింది. మరి చూపించే పద్ధతి మార్చారంటే తప్పంతా చేతిదే కాదని ఒప్పుకున్నట్టే కదా, నేనైతే అలాగే అనుకుంటున్నా.

పైలట్ ఎర్రర్ అనే మాట వింటే ఇప్పుడు నాకు కోపం వస్తుంది. తప్పు జరగలేదని అనట్లేదు, నేనే చేశాగా. కానీ ఆ రెండు ముక్కలతో ఫైల్ మూసేస్తే రేపు అదే సీట్లో కూర్చునేవాళ్లకి ఏం ఉపయోగం?

పన్నెండు రోజుల తర్వాత స్కిల్ టెస్ట్. ఆ పన్నెండు రోజులూ ఇంట్లో గోడకి కాక్‌పిట్ పోస్టర్ అతికించి ప్రాక్టీస్ చేశా, నాబ్ లాగడం, దాని మీంచి వేలు తీయకుండానే మోడ్ పైకి చదవడం, అమ్మ కూరగాయలు తరుగుతూ అన్నీ వింటూ ఉండేది. టెస్ట్‌లో ప్రతిసారీ అలాగే చేశా. ఒకచోట స్పీడ్ పది తగ్గితే నేనే ముందు పిలిచా. పాస్ అయ్యాం ఇద్దరం.

బయటికొచ్చేసరికి తెల్లారిపోయింది, శంషాబాద్ రోడ్డు మీద చాయ్ దగ్గర ఆగాం. మావాడు గ్లాసు పట్టుకుని చాలాసేపు ఊరుకుని అప్పుడడిగాడు, "ఆ రోజు రీప్లే లేకపోతే వీ/ఎస్ అనే చెప్పేదానివా?"

అవును అన్నా. ఒట్టేసి మరీ చెప్పేదాన్ని.