జడల మీద వచ్చిన మెమో

అమెరికాలో డాలస్ శివారున డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఉన్న వృద్ధులను చూసుకునే కేంద్రంలో నేను నర్సును. కిందటేడు మా దగ్గర నర్సులకు సాయపడే నర్స్ ఎయిడ్ ఒకామెకు మెమో ఇచ్చారు. ఆమె నల్లజాతి మహిళ. తలంతా సన్నటి జడలు అల్లించుకుని, వాటన్నిటినీ వెనక్కి చేర్చి ముడి వేసుకుని డ్యూటీకి వస్తుంది. 'జుట్టు సహజంగా, వృత్తికి తగినట్టు ఉండాలి' అని మెమో. సోమవారానికల్లా జడలు విప్పేయాలట!

అవి అల్లించుకోవడానికి గంటల కొద్దీ కూర్చోవాలి, డబ్బూ బాగానే అవుతుంది. మెలికలు తిరిగిన జుట్టును రోజూ దువ్వితే తెగిపోతుంది కాబట్టి, వారాల తరబడి దాన్ని కాపాడుకునే మార్గం ఆ జడలే. ఇదంతా కనుక్కోవాలని మెమో రాసినవారికి తోచలేదు.

నాకు ఒళ్లు మండింది మాత్రం ఇంకో కారణానికి. నా జడ నడుము దాటుతుంది. ఇన్నేళ్లలో ఒక్కరూ ఇదేమిటని అడగలేదు, పైగా మెచ్చుకున్నారు. నిజానికి ప్రమాదం నా జడతోనే. ఒక పెద్దావిడకు మేజోళ్లు తొడగడానికి వంగినప్పుడు ముందుకు జారిన జడను ఆవిడ గుప్పిట బిగించి పట్టేసుకుంది. అలాంటప్పుడు లాక్కోకూడదు, లాగేకొద్దీ పట్టు బిగుస్తుంది. ఆ చేతిని మన చేత్తో మన తలకే అదిమి ఉంచి, ఇంకా దగ్గరికి జరిగి, నెమ్మదిగా కబుర్లు చెబుతూ ఉంటే వేళ్లు వాటంతట అవే వదులవుతాయి. రిపోర్టు రాసి ఇచ్చాను. నాకు మెమో రాలేదు.

అందుకే ఆమె హెచ్.ఆర్.కు ఫిర్యాదు చేస్తానంటే సాక్షిగా వస్తానన్నాను. ముందు ఇద్దరం కూర్చుని చట్టం చదివాం. టెక్సస్‌లో 2023 సెప్టెంబరు 1 నుంచి క్రౌన్ చట్టం అమల్లో ఉంది. ఒక జాతితో ముడిపడిన జుట్టు తీరుపై, అంటే జడలు, లాక్స్ (డ్రెడ్‌లాక్స్, తాళ్లలా పేనుకున్న పాయలు), ట్విస్టుల (మెలిపెట్టిన పాయలు) వంటి వాటిపై, వివక్ష చూపే నియమాలు ఉద్యోగాల్లో పెట్టకూడదు. కాలిఫోర్నియా 2019లోనే ఇలాంటి చట్టం చేసింది. అంతకుముందు దిక్కు తక్కువే. అలబామాలో డ్రెడ్‌లాక్స్ తీయనన్నందుకు ఉద్యోగం చేజారిన చాస్టిటీ జోన్స్ విషయంలో 2016లో అప్పీలు కోర్టు కంపెనీకే అనుకూలంగా తీర్పు చెప్పింది.

సమావేశంలో మొదట భద్రత మాట ఎత్తారు. 'రోగులు జుట్టు పట్టుకు లాగుతారు కదా!' నా రిపోర్టు నకలు బల్ల మీద పెట్టాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ తర్వాత, ఆమె జుట్టు తీరు మారినప్పుడల్లా మా అమ్మ గుర్తుపట్టక బెదిరిపోతోందని ఒక కుటుంబం చెప్పిందన్నారు. అందులో కొంత నిజం ఉంది. ముఖం గుర్తులేనివారు జుట్టునో గొంతునో ఆనవాలుగా పెట్టుకుంటారు. కానీ నేను కళ్లద్దాలు మార్చినా అదే బెదురు. ఎదురుగా వచ్చి, వారి కళ్ల ఎత్తుకు వంగి, పేరు చెప్పి, ఆ తర్వాతే ఒంటి మీద చెయ్యి వేస్తే చాలావరకు సర్దుకుంటుంది. అది జడలున్నవారే కాదు, అందరూ చేయాల్సిన పని.

కొన్ని వారాలు నాన్చి మెమో వెనక్కి తీసుకున్నారు. 'సహజంగా', 'వృత్తికి తగినట్టు' అన్న మాటలు ఎగిరిపోయాయి. భుజం దాటే జుట్టు ఏ తీరుదైనా పైకి కట్టుకోవాలి, ఊడిపడే పూసలు వద్దు అని రాశారు. చేతికందినదల్లా నోట్లో పెట్టుకునేవారు మా దగ్గర ఉన్నారు కనుక పూసల మాట ఆమే చేర్పించింది. దాంతో నాకూ కొప్పు తప్పలేదు. మొదటివారం తలనొప్పితో చచ్చాను.

పనిలో పనిగా అతికించుకునే గోళ్లకూ అనుమతి ఇవ్వాలని ఆమె పట్టుబట్టింది. అక్కడ మాత్రం నేను యాజమాన్యం పక్షమే. ఇన్‌ఫెక్షన్ ముప్పు ఎక్కువగా ఉన్న రోగులను తాకేవారు అవి పెట్టుకోవద్దని అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ 2002లోనే చెప్పింది. ఆ వాదన మా ఇద్దరి మధ్య ఇంకా నడుస్తోంది.