పోలిస్ తేళ్లను లెక్కపెట్టిన తీరం

శాన్ డియాగో నుంచి సరిహద్దు దాటి సుమారు 650 కిలోమీటర్లు దక్షిణంగా వెళ్తే బహియా దె లోస్ ఆంజెలెస్ వస్తుంది. మెక్సికోలో సముద్రపు ఒడ్డున ఉన్న ఈ చిన్న ఊరు తేళ్ల శాస్త్రవేత్త గ్యారీ పోలిస్ పరిశోధనా క్షేత్రం. మన పాస్‌పోర్టులో అమెరికా వీసాకు గడువుంటే మెక్సికో వీసా అక్కర్లేదు. సరిహద్దులో ప్రవేశపత్రం మాత్రం అడిగి తీసుకోవాలి, కారుకు మెక్సికో బీమా ముందే కట్టాలి. ఎల్ రొసారియోలో ట్యాంకు నింపించాం. అది దాటితే చాలా దూరం బంకు ఉండదు. పొద్దుగూకాక మాత్రం బండి తీయకూడదు. రోడ్డు ఇరుకు, పశువులు అడ్డంగా పడుకుంటాయి.

తేళ్ల కోసం వెన్నెల లేని రాత్రులు ఎంచుకున్నాం. వెన్నెల్లో అవి బయటికి రావడం తక్కువ. అతినీలలోహిత టార్చి 365 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్నది కొనాలి. చవగ్గా దొరికే 395 టార్చి ఊదారంగు వెలుగు ఎక్కువగా చిమ్ముతుంది, దాంట్లో తేలు మెరుపు కలిసిపోతుంది. సరైన వెలుగు పడితే తేలు ఆకుపచ్చగా మెరుస్తుంది. అప్పుడే కుబుసం విడిచిన తేలు మాత్రం మెరవదు. పైపెంకు గట్టిపడ్డాకే ఆ గుణం వస్తుంది. అడుగు వేసే ముందు మామూలు టార్చితో నేల చూసుకోవాలి. చీలమండలు దాటే బూట్లు తప్పనిసరి. రాయిని చేత్తో ఎత్తకూడదు.

కాలిఫోర్నియాలోని కోచెల్లా లోయ ఇసుకలో పోలిస్ ఇదే వెలుగుతో తేళ్లను వెతికి, రంగుచుక్కలతో గుర్తుపెట్టి, ఏది దేన్ని తింటోందో రాసుకున్నారు. పెద్ద తేళ్లు సొంత జాతి పిల్లల్నే తింటాయని అలా తేల్చారు. 1990లో ఆయన సంపాదకత్వంలో వచ్చిన ‘ది బయాలజీ ఆఫ్ స్కార్పియన్స్’ ఈ రంగంలో పనిచేసేవాళ్లకు ఇప్పటికీ ఆధారగ్రంథం.

నా లెక్కలో ఆయన గొప్ప పని బహియా దె లోస్ ఆంజెలెస్ దగ్గరి దీవుల మీద చేసిందే. ఏడాదికి 100 మిల్లీమీటర్ల వాన కూడా పడని నేల మీద అన్ని తేళ్లకు తిండి ఎక్కడిది? సముద్రం నుంచి. అలలు ఒడ్డున పడేసిన పాచి, చచ్చిన చేపలు, పక్షుల కళేబరాలను పురుగులు తింటాయి, ఆ పురుగుల్ని సాలీళ్లూ తేళ్లూ తింటాయి. దీవి ఎంత చిన్నదైతే వైశాల్యంతో పోలిస్తే ఒడ్డు అంత ఎక్కువ, అందుకే చిన్న దీవుల్లో ఇవి దట్టంగా ఉంటాయి. తీరంలో నడిస్తే ఇది కంటికే కనిపిస్తుంది. పాచి గుట్టల చుట్టూ ఆకుపచ్చ చుక్కలు గుంపుగా ఉంటాయి, లోపలికి పోయేకొద్దీ పలచబడతాయి.

దీవులు రక్షిత ప్రాంతం కనుక దిగాలంటే అనుమతి కావాలి. పడవ తెల్లవారగానే బయలుదేరాలి. కొండల మీంచి గాలి ఉన్నట్టుండి దిగితే గంట క్రితం అద్దంలా ఉన్న నీళ్లు పడవను ముంచేంత లేస్తాయి. 2000 మార్చి 27న ఇక్కడే తుఫాను గాలికి పడవ తిరగబడి పోలిస్, ఆయన దగ్గర పనిచేస్తున్న యువ పరిశోధకుడు మైకేల్ రోజ్, జపాన్ శాస్త్రవేత్తలు తకుయా అబె, మసహికో హిగాషి, షిగెరు నకానో మరణించారు. నలుగురు ఈదుకుంటూ దగ్గర్లోని దీవికి చేరి బతికారు. మా పడవ నడిపినాయన మధ్యాహ్నం కాకముందే ఒడ్డుకు తిప్పేశాడు. ఇంకాసేపు ఉందామని మేమూ అడగలేదు.