నాలుగేళ్లు ఒంటరిగా ఉన్న మొదటి భాగం

నిన్న రాత్రి ఇల్లంతా సద్దుమణిగాక, జర్మన్ స్వరకర్త షూమన్ రాసిన ఎ మైనర్ పియానో కాన్చెర్టోను (పియానోకూ ఆర్కెస్ట్రాకూ కలిపి రాసిన మూడు భాగాల రచన) మొదటి నుంచి చివరి వరకు కదలకుండా విన్నాను. పియానో పైస్థాయి నుంచి వడివడిగా దిగివచ్చి ఆగిన వెంటనే ఓబో అనే ఊదే వాద్యం ఎత్తుకునే ఆ దిగులు బాణీ, ఎన్నిసార్లు విన్నా నా గొంతు పట్టేస్తుంది.

ఈ బాణీతో మొదలయ్యే మొదటి భాగాన్ని ఆయన 1841లో విడిగా నిలిచే ఫాంటసీగానే, అంటే స్వేచ్ఛగా సాగే ఒకే భాగం రచనగానే రాశారు. ఆ ఆగస్టులో లైప్‌జిగ్‌లోని గేవాండ్‌హౌస్ కచేరీ మందిరంలో జరిగిన రిహార్సల్‌లో, నిండు గర్భిణిగా ఉన్న ఆయన భార్య క్లారా దాన్ని వాయించారు. సెప్టెంబరు 1న వారి తొలి బిడ్డ పుట్టింది. ఇంత చక్కని రచనను అచ్చువేయడానికి ప్రచురణకర్తలెవరూ ముందుకు రాకపోవడం నాకిప్పటికీ మింగుడుపడదు. 1845లో ఆయన మరో రెండు భాగాలు జోడించాక, డిసెంబరు 4న డ్రెస్డెన్‌లో క్లారాయే దాన్ని తొలిసారి పూర్తిగా వినిపించారు.

రెండో భాగం చివర, సందడంతా తగ్గిన చోట, నాలుగేళ్ల కిందటి ఆ బాణీ తొలి స్వరాలు క్లారినెట్లు, బసూన్లు అనే ఊదే వాద్యాలలో ఒకసారి వెలుగు నిండిన మేజర్ స్వరశ్రేణిలోనూ మరోసారి దిగులు నిండిన మైనర్‌లోనూ పలికి, విరామం లేకుండానే మూడో భాగంలోకి తీసుకెళ్తాయి. నిన్న ఆ కొద్ది క్షణాలనే వెనక్కి తిప్పి మూడుసార్లు విన్నాను.