ఆ పేజీలో నా చేతిరాత

ఏడాదిగా ఒక అలవాటు పెట్టుకున్నాను. ఏదైనా పెద్ద నిర్ణయం తీసుకునే ముందు, ఎందుకు తీసుకుంటున్నానో తేదీ వేసి నోట్‌బుక్‌లో రాసుకుంటాను. నిన్న రాత్రి పాత పేజీలు తిరగేస్తుంటే ఒకచోట ఆగిపోయాను.

"ఈ అమ్మాయికి పని మీద శ్రద్ధ లేదు. కొత్త ప్రాజెక్టులోకి వద్దు."

నా చేతిరాతే. పెన్ను ఎంత గట్టిగా నొక్కానో, వెనక పేజీలో కూడా అచ్చు పడింది. కింద కారణం: రెండుసార్లు రిపోర్టు లేటు. అంతే. ఎందుకు లేటైందని అడిగినట్టు ఎక్కడా లేదు. అదే పేజీ పైన, ముందు రోజు రాత్రంతా నిద్ర పట్టలేదని కూడా రాసి ఉంది.

నెల తర్వాత తెలిసింది, ఆమెకు అందాల్సిన వివరాలు నా దగ్గరే ఆగిపోయాయని.

ఈ పేజీ లేకపోతే "ఆ నిర్ణయం సరైనదేనా అని నేను అప్పుడే సందేహించాను" అని ఈపాటికి నన్ను నేనే నమ్మించుకునేదాన్ని. జరిగాక అంతా ముందే తెలుసనిపించడం మనసుకున్న గుణం. 1975లో బరూక్ ఫిష్‌హాఫ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీన్ని ప్రయోగాలతో చూపించారు. ఫలితం తెలిసినవాళ్లకు, అది మొదటినుంచీ ఊహించగలిగేదే అనిపించింది. అందుకే ఊరికే గుర్తుచేసుకుంటే నాకు చాలదు, అప్పటి మాట అప్పుడే రాసి ఉండాలి.

ఇప్పుడు ఎవరి గురించైనా తేల్చేముందు పేజీలో రెండు లైన్లు ఖాళీ వదులుతున్నాను, వాళ్లను అడిగాక నింపడానికి.

ఇవాళ పొద్దున ఆమెకు ఫోన్ చేసి సారీ చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అంది, "ఆ రోజే అడుగుతారనుకున్నానండీ."