గిటార్ క్యాబ్‌ల టోన్ పోల్చే ముందు సౌండ్ సమానం చేయండి

రెండు క్యాబ్‌లు, అంటే గిటార్ స్పీకర్ బిగించిన పెట్టెలు, పక్కపక్కన పెట్టి, ఒకే ఆంప్‌కి (ఆంప్లిఫయర్‌కి) ఒకదాని తర్వాత ఒకటి తగిలించి, ఒక రిఫ్ (చిన్న స్వరాల వరుస) వాయించి "ఇదే బాగుంది" అని తేల్చేస్తుంటారు చాలామంది. ఆ తీర్పు మీద నాకు నమ్మకం లేదు. అలాంటి పోటీలో ఎక్కువసార్లు గెలిచేది గట్టిగా మోగిన క్యాబే.

సెలెస్టియన్ కంపెనీ గిటార్ స్పీకర్లు గ్రీన్‌బ్యాక్, వింటేజ్ 30 సంగతే చూడండి. రెండూ 12 అంగుళాలవే, కానీ కంపెనీ ఇచ్చే సెన్సిటివిటీ (ఒకే పవర్‌కి ఎంత గట్టిగా మోగుతుందో చెప్పే అంకె) గ్రీన్‌బ్యాక్‌కి 98 డెసిబెల్స్, వింటేజ్ 30కి 100. రెండు డెసిబెల్సే కదా అనిపిస్తుంది గానీ, గ్రీన్‌బ్యాక్‌లో అంత సౌండ్ రావాలంటే ఆంప్ ఒకటిన్నర రెట్లకు పైగా పవర్ ఇవ్వాలి. పైగా సౌండ్ పెరిగేకొద్దీ మన చెవికి బేస్, ట్రెబుల్ ఇంకా నిండుగా వినిపిస్తాయి. అది టోన్ అనుకుని మోసపోతాం.

అందుకే నేను ముందు ఒక రిఫ్‌ని లూపర్‌లో (వాయించింది మళ్లీ మళ్లీ వినిపించే పెడల్‌లో) రికార్డ్ చేసి పెట్టుకుంటాను, పిక్ పడే తీరు మారిందన్న అనుమానం కూడా ఉండదు. ఫోన్‌లో సౌండ్ మీటర్ యాప్ తెరిచి, ఒకే చోట నిలబడి, మాస్టర్ వాల్యూమ్‌తో రెండు క్యాబ్‌లనీ ఒకే అంకెకి తెస్తాను. లూప్ తిరుగుతుండగా స్పీకర్‌కి ఎదురుగా చెవి ఎత్తులో కూర్చుని, తర్వాత మెల్లగా పక్కకి జరిగి చూడండి: రెండడుగులు వేసేలోపే ఆ చురుకుదనం, పిక్ గీసుకున్న శబ్దం సగం మాయమవుతాయి. హై ఫ్రీక్వెన్సీలు స్పీకర్ నుంచి టార్చిలైటులా తిన్నగా వెళ్తాయి. ఒకదాన్ని నేల మీద, ఇంకోదాన్ని స్టూల్ మీద పెట్టి పోలిస్తే అది పోలికే కాదు.

ఇవన్నీ సరిచేశాక కూడా గట్టిగా తెలిసే తేడా ఓపెన్ బ్యాక్‌కీ (వెనక తెరిచి ఉన్న క్యాబ్) క్లోజ్డ్ బ్యాక్‌కీ (వెనక మూసేసిన క్యాబ్) మధ్యది. ఓపెన్ బ్యాక్‌లో కోన్ (స్పీకర్‌లో కదిలే గరాటు లాంటి భాగం) వెనక నుంచి వచ్చే శబ్దం ముందు శబ్దానికి వ్యతిరేక ఫేజ్‌లో ఉంటుంది, అంటే ఒకటి ముందుకు నెడితే ఇంకోటి వెనక్కి లాగుతుంది, కింది ఫ్రీక్వెన్సీల్లో రెండూ కలిసి ఒకదాన్నొకటి చంపుకుంటాయి. అందుకే బేస్ తగ్గుతుంది, కానీ శబ్దం గదంతా పరుచుకుంటుంది, క్లీన్ కార్డ్స్‌కి అదెంత అందమో! పామ్ మ్యూట్ చేసినప్పుడు (అరచేతి అంచుతో తీగల్ని అణచి వాయించినప్పుడు) గుండెకి తగిలే ఆ దెబ్బ కావాలంటే మాత్రం క్లోజ్డ్ బ్యాకే. పెట్టె చెక్క ప్లైవుడ్డా, ఎండీఎఫ్ఫా అన్న గొడవకి నేను అంత విలువ ఇవ్వను, స్పీకర్ మారిస్తే వచ్చే తేడా ముందు అది చిన్నది. కొత్త స్పీకర్‌ని బాగా వాడిన స్పీకర్‌తో పోల్చడం కూడా న్యాయం కాదు, కోన్ కాస్త సడలాలి.

ఒక్క జాగ్రత్త: ట్యూబ్ ఆంప్ అయితే పవర్ ఆపాకే కేబుల్ మార్చండి, ఆంప్‌కీ క్యాబ్‌కీ ఓమ్స్ (ఇంపిడెన్స్ అంకె) సరిపోతున్నాయో చూసుకోండి. స్పీకర్ లేకుండా వాయిస్తే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోయే ప్రమాదం ఉంది.

చివరి పరీక్ష మాత్రం డ్రమ్స్, బేస్ గిటార్‌తో కలిపే చేయాలి. ఒంటరిగా విన్నప్పుడు గుచ్చుకున్నట్టుండే వింటేజ్ 30 అప్పర్ మిడ్స్ (మధ్య స్థాయిలో పైవైపు ఉండే ఫ్రీక్వెన్సీలు), బ్యాండ్ మధ్యలో గిటార్‌ని పైకి తెచ్చి నిలబెడతాయి. బ్యాండ్‌లో ఒకే గిటార్ ఉంటే నా ఓటు గ్రీన్‌బ్యాక్‌కే, ఖాళీ బాగా నింపుతుంది. ఇద్దరుంటే ఒకరికి ఇది, ఒకరికి అది ఇవ్వండి, ఎవరి వాటా వాళ్లకి విడిగా వినిపిస్తుంది.