ధనుర్మాసంలో ఇంటి ఫోటోలు: ఎమ్మార్‌పల్లిలో నా అనుభవం

నేను తీసేది పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు. ధనుర్మాసంలో ముహూర్తాలు లేక ఖాళీగా ఉంటే ఒకాయన ఫోన్ చేశాడు. ఉద్యోగం బెంగళూరులో. తిరుపతి ఎమ్మార్‌పల్లిలో అమ్మానాన్నలుండే ఇంటి పైపోర్షన్ యాత్రికులకు రోజువారీ అద్దెకిస్తాడట. ఆన్‌లైన్లో పెట్టడానికి లోపలా బయటా ఫోటోలు కావాలి.

కెమెరా బయటికి తీసేలోపే సగం పొద్దు సర్దడానికి పోయింది. బీరువా మీద సూట్‌కేసులు, తలుపు వెనక మేకులకు బట్టలు, గోడ నిండా మనవళ్ళ ఫోటోలు. మేకుకు గుచ్చిన కరెంటు బిల్లు తీయబోతే పెద్దావిడ, "అదేం చేసింది నాయనా, పడితే పడనీ" అన్నారు. "పేరు, సర్వీస్ నంబరు ఊరందరికీ కనిపిస్తాయమ్మా" అన్నాక ఆవిడే తీసి దాచారు. పోర్టికోలో వేలాడే దిష్టి గుమ్మడికాయ జోలికి మాత్రం రానివ్వలేదు. సరే, అదీ ఇంట్లో భాగమే కదా!

గదుల్లో తెల్ల ట్యూబ్‌లైటు, పసుపు బల్బు రెండూ వెలిగితే ఒక గోడ నీలంగా, ఇంకో గోడ పసుపుగా వస్తుంది. అన్నీ ఆర్పేసి కిటికీ వెలుతురుతోనే తీశాను. ట్రైపాడ్ నాలుగడుగుల ఎత్తులో, ఐఎస్ఓ (సెన్సర్ వెలుతురును పట్టే సున్నితత్వం) 100, ఎఫ్/8 (లెన్సు రంధ్రం చిన్నగా). షటర్ నెమ్మదిస్తుంది కాబట్టి ఫ్యాన్ ఆపాల్సిందే, లేకపోతే రెక్కలు అలుక్కుపోతాయి. గదికి సరిపడా వెలుతురు పెడితే కిటికీ తెల్లగా మాడిపోతుంది. అందుకని ఒకే ఫ్రేమును మూడు ఎక్స్‌పోజర్లలో, అంటే వెలుతురు తక్కువగా, మధ్యస్థంగా, ఎక్కువగా తీసి తర్వాత కలిపాను.

లెన్సు దగ్గర ఫోన్ చేసినాయనతో చిన్న వాదన జరిగింది. ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సరుండే) కెమెరా మీద బాగా వెడల్పుగా చూపే 16 ఎంఎం లెన్సు పెడితే పది బై పది గది కల్యాణమండపంలా కనిపిస్తుంది. ఆయనకు అదే నచ్చింది. దిగినవాళ్ళు ఫోటో చూసి, గది చూసి తిట్టేది మిమ్మల్నేనని చెప్పి 24 దగ్గర ఆగిపోయాను.

బయట ఫోటోకు వీధి ఇరుకు. కిందనుంచి కెమెరా పైకెత్తితే గోడలు వెనక్కి వాలినట్టొస్తాయి. ఎదురింటివాళ్ళను అడిగి వాళ్ళ మిద్దెక్కాను. ఇంటి సగం ఎత్తుకు ఎదురుగా కెమెరా ఉంటే గీతలన్నీ నిటారుగా నిలుస్తాయి. తూర్పు ముఖం ఇల్లే అయినా, ఎదురింటి నీడ దిగేసరికి ఎనిమిదిన్నర దాటింది. అప్పటికి వాకిట్లో నెలముగ్గు పూర్తయి గొబ్బెమ్మలు కూడా పెట్టేశారు. అడగకుండా దొరికిన అలంకారం.

ఇంటి మిద్దె మీంచి శేషాచలం కొండలు ఉత్తరాన కనిపిస్తాయి. డిసెంబరులో సూర్యుడు దక్షిణంగా నడుస్తాడు కాబట్టి, కొండలకేసి నిలబడితే ఎండ మన వెనకనుంచే పడుతుంది. డ్రోన్‌తో తీయమన్నాడు. కుదరదన్నాను. ఇటు రేణిగుంట విమానాశ్రయం, అటు డ్రోన్లు నిషేధించిన తిరుమల. ఇలాంటిచోట డ్రోన్లు ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో జోన్ చూడకుండా ఎగరేసేది లేదు.

ఎడిటింగ్‌లో, ఫోటోలో పడ్డ బైకును తీసేయమంటే తీశాను, అది రేపుండదు. గేటు పక్కనున్న ట్రాన్స్‌ఫార్మర్ కూడా తీసేయమన్నాడు. అది ఎక్కడికీ పోదు కాబట్టి ఉంచాను. డబ్బులు ఆ రాత్రే ఫోన్‌పేలో వేశాడు. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న ఫోటోను మాత్రం వరసలో అన్నిటికన్నా చివర పెట్టుకున్నాడు.