చిత్తడి బ్లూస్, రాకబిలీ: ఇంటి ఆల్బమ్ ఎక్కడిదాకా వచ్చిందంటే

ఆరు పాటల్లో ఐదింటికి గిటార్, బేస్ అయిపోయాయి. రెండింటికి గొంతు కూడా ఎక్కింది. ఆరోది ఇంకా ఫోన్‌లో పాడి పెట్టుకున్న ముక్కే.

గిటార్ ధ్వని కుదిరితే ఆల్బమ్ కుదిరినట్టే అని చాలామంది అంటారు. ఈ సంగీతం విషయంలో నేను ఒప్పుకోను. లూసియానా చిత్తడి బ్లూస్ (స్వాంప్ బ్లూస్) బీట్‌కి కాస్త వెనకగా, కాళ్లీడ్చుకుంటూ నడుస్తుంది. బ్లూస్, కంట్రీ కలిసిన తొలినాళ్ల రాకెన్‌రోల్ అయిన మెంఫిస్ రాకబిలీ బీట్‌ని ముందుకు తోస్తుంది. ఈ రెండూ ఒకే ఆల్బమ్‌లో ఇమడాలంటే ఆ లెక్క డ్రమ్స్, బేస్ దగ్గర తేలాలి. అందుకే ఈ విడత పనంతా అక్కడే.

ముందు చిత్తడి వైపు. హ్యూస్టన్ నుంచి ఐ-10 హైవే మీద తూర్పుకి మూడు గంటలు పోతే లూసియానాలోని క్రౌలీ వస్తుంది. చుట్టూ వరి మళ్లు. కోతలయ్యాక వాటిలోనే నీళ్లు నిలిపి క్రాఫిష్ (రొయ్యల్లాంటి మంచినీటి జీవులు) పెంచుతారు. గోదావరి జిల్లాల నుంచి వెళ్లినవాడికి ఊరు పెద్ద కొత్తగా అనిపించదు. రికార్డు నిర్మాత జె.డి. మిల్లర్ స్టూడియో ఉండేది ఇక్కడే. స్లిమ్ హార్పో, లైట్నిన్ స్లిమ్, లేజీ లెస్టర్, లోన్‌సమ్ సన్‌డౌన్ ఇక్కడ పాడితే, ఆ టేపులు నాష్‌విల్‌లోని ఎక్సెల్లో కంపెనీకి వెళ్లి రికార్డులుగా వచ్చేవి. 1957లో వచ్చిన స్లిమ్ హార్పో పాట ‘ఐయామ్ ఎ కింగ్ బీ’ ఒక్కటి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. వాయిద్యాలు నాలుగైదుకి మించవు. ఎవరూ తొందరపడరు. బేస్ తీగ మీద జారే ఒక్క శబ్దం తేనెటీగ రొదలా పాటంతా మోస్తుంది.

లేజీ లెస్టర్ హార్మోనికా వాయించడమే కాదు, మిల్లర్ సెషన్లలో చుట్టిన వార్తాపత్రికతోనూ అట్టపెట్టె మీదా తాళం వేసేవాడు. అది చదివాక కంప్యూటర్‌లోని నా రెడీమేడ్ డ్రమ్ శబ్దాల లైబ్రరీ మూసేశాను. మొదటి రెండు పాటల్లో ఇప్పుడున్నది నిజంగానే అట్టపెట్టె. వంటింటి మిక్సీ వచ్చిన డబ్బా, లోపల పాత తువ్వాలు, పైన బ్రష్‌లు. ఎస్‌ఎమ్57 మైకు జానెడు దూరంలో, అంచువైపు తిప్పి పెట్టాను. నడిమికి పెడితే గుబగుబ ఎక్కువై బేస్‌ని మింగేస్తుంది. 200 హెర్ట్జ్ దగ్గర 4 డెసిబెల్స్ తగ్గించాక సరిపోయింది.

ఇక ఆ వెనకబాటు. పాట టెంపో నిమిషానికి 84 బీట్లు. కిక్‌ని (కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము దెబ్బని) సరిగ్గా బీట్ గీత మీదే ఉంచి, స్నేర్ (గలగలమనే చిన్న డ్రమ్ము) పని చేసే బ్రష్ దెబ్బల్ని మాత్రం రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో 18 మిల్లీసెకండ్లు వెనక్కి జరిపాను. డ్రమ్స్ మొత్తం జరిపితే ఉపయోగం లేదు, పాట ఆలస్యంగా మొదలైనట్టు ఉంటుంది తప్ప ఈడ్పు రాదు. కిక్‌కీ స్నేర్‌కీ మధ్య ఆ సాగుడు ఉండాలి. 10 కంటే తక్కువ జరిపితే నా చెవికి తేడా తెలియలేదు. 30 దాటితే తాగి వాయించినట్టుంది. దానికీ ఒక పాట రాయొచ్చనుకోండి.

గిటార్ శబ్దాన్ని పెంచుతూ తగ్గిస్తూ ఊపే ఎఫెక్ట్ ట్రెమొలో. దాన్ని చాలామంది చేతికొచ్చిన వేగంలో పెట్టేస్తారు. లెక్క చిన్నదే. 84 అంటే సెకనుకి 1.4 బీట్లు. తిశ్రగతిలో మూడుగా విరిస్తే 4.2 హెర్ట్జ్, నాలుగుగా విరిస్తే 5.6. షఫుల్ నడకలో మూడింట్లో నడిమిది వదిలేస్తాం కాబట్టి 4.2 పెట్టాను. వదిలేసిన ఆ నడిమి దెబ్బని ట్రెమొలో నింపుతుంది. లోతు 60 శాతం. వరసలో డ్రైవ్ (గరుకుదనం) ముందు, తరవాత ట్రెమొలో, చివర రివర్బ్ (గది ప్రతిధ్వని). రివర్బ్ తరవాత ట్రెమొలో పెడితే గది మొత్తం ఊగుతుంది. అది వేరే సంగీతానికి బాగుంటుంది.

రాకబిలీ వైపు పని త్వరగా సాగింది, కారణం అక్కడ సూత్రం గట్టిది. మెంఫిస్‌లో 706 యూనియన్ అవెన్యూలో శామ్ ఫిలిప్స్ 1950లో స్టూడియో తెరిచాడు. 1954 జులైలో ఎల్విస్ తొలి రికార్డు చేసినప్పుడు గదిలో డ్రమ్మర్ లేడు. స్కాటీ మూర్ గిటార్, బిల్ బ్లాక్ డబుల్ బేస్, ఎల్విస్ చేతిలో అకూస్టిక్ గిటార్, అంతే. బేస్ తీగ లాగి వదిలితే పలక మీద పడే చప్పుడే డ్రమ్ము. ఇంత చిన్న అపార్ట్‌మెంట్‌లో డబుల్ బేస్ పెట్టే చోటు నాకు లేదు. ఎలక్ట్రిక్ బేస్‌కి ఫ్లాట్‌వౌండ్ (నున్నగా చుట్టిన) తీగలు వేసి, బ్రిడ్జి దగ్గర తీగల కింద స్పాంజి ముక్క దూర్చాను. నోటు మోగి వెంటనే ఆగిపోతుంది. చప్పుడు విడిగా కావాలి. అందుకు జానీ క్యాష్ చిట్కా వాడాను. డ్రమ్మర్ లేని రోజుల్లో అతను గిటార్ తీగల మధ్య కాగితం దోపి స్నేర్ లాంటి శబ్దం రాబట్టేవాడు. కరెంటు బిల్లు కవరుని నాలుగు మడతలు పెట్టి నా అకూస్టిక్‌లో దోపాను. రెండో బీట్, నాలుగో బీట్ మీద మాత్రమే గీరాలి. ఈ ట్రాక్‌ని వెనక్కి లాగలేదు, 8 మిల్లీసెకండ్లు ముందుకు తోశాను.

స్లాప్‌బ్యాక్ ఎకో, అంటే వెంటనే ఒక్కసారి తిరిగొచ్చే ప్రతిధ్వని కోసం ఫిలిప్స్ రెండో టేపు మెషీన్ వాడేవాడు. రికార్డ్ చేసే హెడ్‌కీ వినిపించే హెడ్‌కీ మధ్య ఉన్న దూరమే ఆ ఆలస్యం. రెండు అంగుళాల దూరం, సెకనుకి 15 అంగుళాల వేగం అనుకుంటే సుమారు 133 మిల్లీసెకండ్లు. టెంపో 150 ఉన్న నా నాలుగో పాటలో తిశ్రగతికి ఇది అచ్చంగా సరిపోతుంది. 168 ఉన్న ఐదో పాటకి 119 రావాలి. అయినా 133 దగ్గరే వదిలేశాను. టేపుకి పాట టెంపో తెలియదు కదా. కొంచెం పట్టాలు తప్పినట్టు ఉండే ఆ గలగలే నాకు నచ్చింది. రిపీట్ ఒక్కటే, ఫీడ్‌బ్యాక్ సున్నా, మిక్స్ 25 శాతం. ఎకో మీద 3 కిలోహెర్ట్జ్ పైన కోసేస్తే పాతబడుతుంది.

ఈ రెండు వైపులూ కలిసే చోటు నాకు లూసియానాలోని ష్రీవ్‌పోర్ట్‌లో దొరికింది. 1957లో డేల్ హాకిన్స్ కెడబ్ల్యూకెహెచ్ రేడియో స్టేషన్‌లో ‘సూజీ క్యూ’ రికార్డ్ చేశాడు. గిటార్ పట్టిన జేమ్స్ బర్టన్ అప్పటికి టీనేజ్ కుర్రాడు. ఊపు రాకబిలీది, లావు తీగల మీద తిరిగే ఆ ముక్క మాత్రం బురదలోంచి లేచినట్టుంటుంది. నా మూడో పాటని దీన్ని విని మళ్లీ కట్టాను. టెంపో 126, కిక్ సూటిగా, స్నేర్ 12 వెనక్కి, గిటార్‌కి ట్రెమొలో ఉంది, గొంతుకి స్లాప్‌బ్యాక్ ఉంది. ఆల్బమ్‌లో ఇది మధ్యలో ఉంటే అటూ ఇటూ పాటలు కలుస్తాయి. వరస ఖాయం.

మాటల సంగతి. సదరన్ గాథిక్ (అమెరికా దక్షిణాది చీకటి కథల ధోరణి) అనగానే పుర్రెలు, వూడూ బొమ్మలు, నాలుగు రోడ్ల కూడలిలో దెయ్యం. అవన్నీ కొట్టేశాను. అసలు భయం ఆ నేల చరిత్రలోనే ఉంది. క్రౌలీలో నల్లవాళ్ల బ్లూస్‌ని అంత శ్రద్ధగా రికార్డ్ చేసిన మిల్లర్, 1960ల మధ్యలో రెబ్ రెబెల్ అనే లేబుల్ మీద వర్ణవివక్షని సమర్థిస్తూ నల్లవాళ్లని ఎగతాళి చేసే పాటలు అమ్మాడు. మనిషి ఒక్కడే, ఊరు ఒక్కటే. రెండో పాట దాని గురించే, పేరు చెప్పకుండా. మొదటి పాటలో పోక్ ఆకు కూర ఉంది. పచ్చిగా తింటే విషం, నీళ్లు మార్చి మార్చి ఉడకబెడితే పేదవాడి కూర. మూడోదాంట్లో సైప్రస్ చెట్లకి వేలాడే స్పానిష్ మాస్. పేరుకి నాచు గానీ అది అనాస కుటుంబపు మొక్క. ఒకప్పుడు దాన్ని ఎండబెట్టి పరుపుల్లో కూరేవాళ్లు. ఆ పరుపు మీద నిద్ర పట్టని మనిషి పాట అది.

గొంతుకి ప్లగిన్ రివర్బ్ వాడలేదు. పాడిన ట్రాక్‌ని బాత్రూమ్‌లో చిన్న స్పీకర్ నుంచి వినిపించి, తలుపు దగ్గర మైకు పెట్టి మళ్లీ రికార్డ్ చేశాను. తువ్వాళ్లన్నీ తీసేయాలి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆపాలి. ఏసీ కూడా ఆపాల్సిందే. హ్యూస్టన్ ఆగస్టులో ఏసీ ఆపితే గదిలో తేమ చూస్తుండగానే 65 శాతం దాటుతుంది, గిటార్ శ్రుతి తప్పుతుంది. అందుకే టేక్ అవగానే గిటార్‌ని కేసులో పెట్టేస్తున్నాను, లోపల 49 శాతం తేమ ప్యాక్ ఉంది. ఓపెన్ జీ శ్రుతిలో (ఏమీ నొక్కకుండా మీటితే జీ కార్డ్ పలికేలా) ఉన్న స్లైడ్ పాటకి ఈ బాధ ఎక్కువ. మూడో తీగ మొదట దిగిపోతోంది, టేక్‌కి ముందు దాన్ని ఒక్కసారి సరిచూసుకుంటే చాలు.

ఇక మిగిలింది హార్మోనికా. మొదటి పాట ‘ఇ’ (E) శ్రుతిలో ఉంది కాబట్టి ‘ఎ’ (A) శ్రుతి హార్మోనికా మీద క్రాస్ పొజిషన్‌లో (హార్మోనికా శ్రుతి ఒకటి, పాట శ్రుతి ఇంకొకటిగా) వాయించాలి. వాయించే మిత్రుడు డాలస్ నుంచి వచ్చే నెల వస్తానన్నాడు. ఈలోగా ఐదో పాటలో గిటార్ సోలో సగానికి కోస్తున్నాను, పన్నెండు బార్లు మరీ ఎక్కువ.